వారం వారం రగ్బీ

అమెచ్యూర్ రగ్బీ లీగ్ అంటే, జీతం తీసుకోని ఆటగాళ్లు ముందే వేసుకున్న పట్టిక ప్రకారం వారం వారం ఆడే పోటీ. ఆటగాడికి ఇందులో పైసా రాదు. పైగా చేతి డబ్బే పోతుంది. బూట్లు తనవే. బస్సు చార్జీ తనదే. మోకాలు వాస్తే కట్టు కట్టించుకునే ఖర్చూ తనదే. సోమవారం నుంచి శుక్రవారం దాకా అతను ఏ ఆఫీసులోనో, ఏ కాలేజీలోనో, ఏ బ్యారక్‌లోనో ఉంటాడు. శనివారం వచ్చేసరికి మైదానంలో ఉంటాడు. బెంగళూరులోనైనా, ఐర్లాండ్‌లో ఓ చిన్న ఊళ్లోనైనా ఈ ఆట నిలబడింది ఇలాంటివాళ్ల మీదే.

రగ్బీలో రెండు రకాలున్నాయి. ఒకటి రగ్బీ యూనియన్, జట్టుకు 15 మంది. రెండోది రగ్బీ లీగ్ అనే ఆట, జట్టుకు 13 మంది. ఇక్కడ చెప్పుకునేది మొదటిదాని గురించి. ఇక ముందు లీగ్ అన్నప్పుడల్లా ఆ 13 మంది ఆట కాదు, వారం వారం జరిగే పోటీ అని అర్థం చేసుకోవాలి.

చెడుగుడు తెలిసినవాళ్లకు రగ్బీ సగం తెలిసినట్టే. కూతకు వచ్చినవాణ్ని తొడ దగ్గరో చీలమండ దగ్గరో పట్టి పడెయ్యడం మన ఊళ్లలో ఎవరికీ కొత్త కాదు. రగ్బీలోనూ బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని చేతులతో చుట్టి పట్టి కింద పడెయ్యాలి. దాన్నే ట్యాకిల్ అంటారు. భుజాలకు పైన పట్టుకోకూడదు. చేతులతో చుట్టకుండా ఊరికే గుద్దెయ్యకూడదు. బంతి కోలగా ఉంటుంది, కాబట్టి నేల మీద పడ్డాక ఎటు ఎగురుతుందో చెప్పలేం. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. చేతిలో ఉన్న బంతిని ముందున్నవాడికి విసరకూడదు. పక్కకో, వెనక్కో మాత్రమే అందించాలి. కాలితో ముందుకు తన్నవచ్చు, పట్టుకుని ముందుకు పరిగెత్తవచ్చు. చేత్తో మాత్రం ముందుకు ఇవ్వకూడదు. మనుషులు ముందుకు పోతూ ఉంటే బంతి వెనక్కి పోతూ ఉంటుంది. రగ్బీ అందమంతా అందులోనే ఉంది.

ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై. దానికి 5 పాయింట్లు. ఆ తర్వాత రెండు నిలువు స్తంభాల మధ్య నుంచి, అడ్డకర్ర మీదుగా బంతిని తంతే మరో 2. అవతలి జట్టు తప్పుకు దొరికిన పెనాల్టీని అలాగే తన్ని సాధిస్తే 3. సగానికి 40 నిమిషాల చొప్పున ఆట మొత్తం 80 నిమిషాలు. జట్టులో ఎనిమిది మంది ఫార్వర్డ్‌లు, ఏడుగురు బ్యాక్‌లు. ఫార్వర్డ్‌లు బరువైనవాళ్లు, బంతిని సంపాదిస్తారు. బ్యాక్‌లు వేగం గలవాళ్లు, ఆ బంతితో పరిగెడతారు. లావుగా ఉన్నవాడికీ చోటుంది, సన్నగా ఉన్నవాడికీ చోటుంది, పొడుగువాడికీ పొట్టివాడికీ చోటుంది. అన్ని రకాల శరీరాలనూ ఇలా పనిలో పెట్టుకునే ఆటలు చాలా తక్కువ.

ఈ ఆట మన దేశానికి రావడం, ఇక్కడి నుంచి ప్రపంచానికి ఒక కప్పు వెళ్లడం వివరంగా చెప్పుకోవలసిన కథ. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఒక మ్యాచ్ జరిగింది. ఒకవైపు ఇంగ్లాండ్ వాళ్లు, మరోవైపు స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్ వాళ్లు కలిసి. అప్పట్లో జట్టుకు 20 మంది. ఆ ఉత్సాహంలో మరుసటి నెలలోనే, 1873 జనవరిలో, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. పేరుకు ఫుట్‌బాల్ క్లబ్బే గానీ ఆడింది రగ్బీ. కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత సైనిక దళం ఒకటి కలకత్తా వదిలి వెళ్లింది. ఎండలో ఈ ఆటకన్నా పోలో, టెన్నిస్ హాయి అనుకున్నవాళ్లు ఎక్కువయ్యారు. సభ్యులు తగ్గిపోయారు. క్లబ్ మూసెయ్యక తప్పలేదు.

మూసేనాటికి బ్యాంకులో కొంత డబ్బు మిగిలి ఉంది. దాన్ని ఏం చెయ్యాలి? ఆ క్లబ్‌లో కెప్టెన్, కార్యదర్శి, కోశాధికారి బాధ్యతలన్నీ మోస్తున్నది రోత్నీ అనే ఒక్క మనిషి. ఆయన ఒక మాట అన్నాడు. ఆ డబ్బును వెండి నాణేలుగా తీసుకుని, కరిగించి, ఒక కప్పు చేయించి, ఇంగ్లాండ్‌లో ఆటను నడిపే సంఘమైన రగ్బీ యూనియన్‌కు పంపుదాం అని. అలాగే చేశారు. 270 వెండి రూపాయలు కరిగాయి. కప్పుకు మూడు పిడులు, మూడూ పడగ విప్పిన నాగుపాములే. మూత మీద ఏనుగు. అదే కలకత్తా కప్. 1879 నుంచి ఇంగ్లాండ్, స్కాట్లాండ్ జట్లు దానికోసం పోటీ పడుతున్నాయి. ఆ తొలి మ్యాచ్ ఎడిన్‌బరోలో జరిగింది, సమానంగా ముగిసింది. మన రూపాయలు కరిగించి పోసిన ఆ వెండి కోసం ఇప్పటికీ రెండు దేశాలు తలపడుతున్నాయి.

అయితే ఈ కథలో అందరూ చెప్పని భాగం ఒకటుంది. కలకత్తా వాళ్లు ఆ కప్పును ఇచ్చింది రెండు దేశాల మ్యాచ్ కోసం కాదు. క్లబ్బులన్నీ ఏటా దానికోసం పోటీ పడాలని కోరారు. ఇంగ్లాండ్ యూనియన్ ఒప్పుకోలేదు. క్లబ్బుల మధ్య కప్పు పెడితే గెలుపు మీద యావ పెరుగుతుంది. గెలుపు మీద యావ పెరిగితే ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం మొదలవుతుంది. వాళ్ల భయం అది. క్లబ్బుల కోసం పంపిన కప్పు దేశాల కప్పు అయింది.

ఆ భయం ఎంత బలమైనదంటే, ఇంగ్లాండ్‌లో రగ్బీ క్లబ్బులు వంద సంవత్సరాలకు పైగా దేశవ్యాప్త లీగ్ లేకుండానే ఆడాయి. కార్యదర్శులు ఉత్తరాలు రాసుకుని మ్యాచ్‌లు కుదుర్చుకునేవాళ్లు. పట్టిక లేదు, మొదటి స్థానం, చివరి స్థానం అని లేవు. ఈ మధ్యలోనే ఆట రెండుగా చీలింది. ఉత్తర ఇంగ్లాండ్‌లో ఆటగాళ్లు గని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం ఆడితే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలి మాత్రం ఇవ్వండి అని వాళ్ల క్లబ్బులు అడిగాయి. యూనియన్ కుదరదంది. 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని ఒక హోటల్లో ఇరవైకి పైగా క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. 13 మంది ఆడే రగ్బీ లీగ్ అనే ఆట ఆ చీలిక నుంచే వచ్చింది. కూలి పోగొట్టుకుని ఆడమని కార్మికుణ్ని అడగడం న్యాయం కాదు. ఆ రోజు తప్పు యూనియన్‌దే.

ఇంగ్లాండ్ యూనియన్ చివరికి 1987లో క్లబ్బులన్నిటికీ లీగ్ పెట్టింది. స్కాట్లాండ్ అంతకుముందే, 1973లోనే పెట్టింది. ఐర్లాండ్ 1990లో పెట్టింది. 1995 ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ప్యారిస్‌లో సమావేశమై, ఆటగాళ్లకు డబ్బు ఇవ్వకూడదన్న నియమాన్నే ఎత్తేసింది. పై స్థాయి ఆటగాళ్లకు జీతాలు వచ్చాయి. కింది స్థాయిలో వేలాది క్లబ్బులు మాత్రం ఇప్పటికీ అమెచ్యూర్‌గానే ఉన్నాయి. లీగ్ వచ్చాక అవి పాడవలేదు. ఇంకా గట్టిపడ్డాయి.

లీగ్ ఎందుకు గట్టిపరుస్తుంది? టోర్నమెంట్‌కూ లీగ్‌కూ ఉన్న తేడాలోనే జవాబు ఉంది. టోర్నమెంట్ నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. ఓడిన జట్టు ఇంటికి పోతుంది. లీగ్ నెలల తరబడి నడుస్తుంది. ఓడిన జట్టు వచ్చే శనివారం మళ్లీ ఆడుతుంది. టోర్నమెంట్‌లో బలమైనవాళ్లకే ఎక్కువ ఆట. లీగ్‌లో బలహీనమైనవాళ్లకూ అంతే ఆట. కొత్తగా బూటు కట్టిన కుర్రవాడు నేర్చుకునేది లీగ్‌లోనే. ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాతి సంగతులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. టోర్నమెంట్ వేరు, లీగ్ వేరు.

మన దేశంలో రగ్బీ బతికింది ఎక్కువగా టోర్నమెంట్ల మీద. 1924లో మొదలైన అఖిల భారత టోర్నమెంట్ వందేళ్లు దాటింది. మొదట్లో ఆడినవి బ్రిటిష్ సైనిక దళాలు, గోరా క్లబ్బులు. సిలోన్ నుంచి కూడా జట్లు వచ్చేవి. స్వాతంత్ర్యం తర్వాత కలకత్తాలో పోలీసు జట్లు, బొంబాయి జింఖానా, సైన్యం ఆటను చేతుల్లోంచి జారిపోనివ్వలేదు. ఇప్పుడు దాని పేరు అఖిల భారత, దక్షిణాసియా రగ్బీ టోర్నమెంట్. బెంగళూరు రగ్బీ ఫుట్‌బాల్ క్లబ్ కూడా అందులో ఆడింది. చెన్నై, ఢిల్లీ, కోల్‌కతా, ముంబై క్లబ్బులు అక్కడే ఎదురెదురు పడతాయి. దేశానికి జాతీయ సంఘం ఏర్పడింది మాత్రం చాలా ఆలస్యంగా, 1998లో. అదే ఏడు భారత జట్టు తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. సినీ నటుడు రాహుల్ బోస్ ఆ రోజుల్లో భారత జట్టు ఆటగాడు. తర్వాత ఆయనే జాతీయ సంఘం అధ్యక్షుడయ్యారు.

పొరుగున శ్రీలంకలో కథ మరోలా నడిచింది. అక్కడా ఆటను తెచ్చింది ఇంగ్లీషువాళ్లే, తేయాకు తోటల దొరలు, కొలంబో వర్తకులు. కాండీ స్పోర్ట్స్ క్లబ్ 1874లోనే పుట్టింది. అయితే అక్కడ ఆట బడుల్లోకి పోయింది. కొలంబో రాయల్ కాలేజీ, కాండీ ట్రినిటీ కాలేజీ పిల్లలు 1920 నుంచి ఆడుతున్నారు. 1945 నుంచి బ్రాడ్బీ షీల్డ్ కోసం ఏటా రెండు మ్యాచ్‌లు, ఒకటి ఆ ఊళ్లో, ఒకటి ఈ ఊళ్లో. బడి వదిలిన పిల్లలు క్లబ్బుల్లో చేరారు, క్లబ్బులకు లీగ్ ఉంది. దొరలు వెళ్లిపోయినా ఆట వెళ్లిపోలేదు. ఏటా తప్పకుండా జరిగే మ్యాచ్ ఒకటి ఉంటే చాలు, దాని చుట్టూ ఊరు చేరుతుంది.

ఇక బెంగళూరు. 1809లో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ కంటోన్మెంట్ కట్టారు. పాతవాళ్లు దాన్ని దండు అనేవాళ్లు. సైనికుల పరేడ్ మైదానాలు, ఆటల సంప్రదాయం దండుతో పాటే వచ్చాయి. ఈ నగరంలో రగ్బీకి అనుకూలించే సంగతులు చాలా ఉన్నాయి. ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలో మే నెల మధ్యాహ్నం 80 నిమిషాలు పరిగెత్తడం ప్రమాదం. బెంగళూరు సాయంత్రాలు అలా ఉండవు. దేశం నలుమూలల నుంచి ఉద్యోగాలకు, చదువులకు వచ్చిన యువత ఉంది. వాళ్లలో కొందరు కోల్‌కతాలోనో, ముంబైలోనో, విదేశాల్లోనో ఈ ఆట ఆడి వచ్చినవాళ్లు. కొత్త ఊళ్లో స్నేహితులు లేనివాడికి క్లబ్ ఒక ఇల్లవుతుంది. తెలుగు, కన్నడం, తమిళం, హిందీ, ఇంగ్లీషు ఒకే జట్టులో వినబడతాయి.

ఇబ్బందీ ఉంది. అన్నిటికన్నా పెద్దది మైదానం. రగ్బీలో మనిషి నేల మీద పడటం ఆటలో భాగం. ఒక మ్యాచ్‌లో పదుల సార్లు పడతారు. గట్టి మట్టి మీద పడితే మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోతాయి, భుజం జారుతుంది. మెత్తటి గడ్డి కావాలి. కలకత్తాలో, బొంబాయిలో వానాకాలం ఆటగా రగ్బీ పెరగడానికి కారణం ఇదే, నేల మెత్తబడుతుంది. బెంగళూరు నేల ఎర్రది, వాన పడితే జారుతుంది, ఎండితే రాయి అవుతుంది. గడ్డి పెంచాలంటే నీళ్లు కావాలి, స్థలం కావాలి. ఈ నగరంలో ఆ రెండూ ఖరీదే. ఉన్న మైదానాల మీద క్రికెట్, ఫుట్‌బాల్ వాళ్లకు ముందు హక్కు. అమెచ్యూర్ క్లబ్ కార్యదర్శి పనిలో సగం గ్రౌండ్ కోసం తిరగడమే.

రెండో ఇబ్బంది మనుషుల లెక్క. 15 మంది ఆటకు, దెబ్బలు తగిలితే దించడానికి మరికొందరు కలిపి 20 మందికి పైగా కావాలి. శనివారం ఒకరికి ఆఫీసు పని, ఇంకొకరికి పెళ్లి, మరొకరికి పరీక్ష. అదీగాక స్క్రమ్ అనే ఘట్టంలో రెండు జట్ల ఫార్వర్డ్‌లు భుజాలు ఆనించి ఒకరినొకరు నెడతారు. ముందు వరసలో నిలిచే ముగ్గురికి తప్పనిసరిగా శిక్షణ ఉండాలి, లేకపోతే మెడకు ప్రమాదం. శిక్షణ పొందినవాళ్లు చాలకపోతే రిఫరీ నెట్టుడు లేని స్క్రమ్ పెట్టిస్తాడు. ఇది నిబంధనల్లోనే ఉంది, చిన్న క్లబ్బులకు ప్రాణాధారం. మనుషులు ఇంకా తక్కువైతే సెవెన్స్ ఆడతారు, జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు. ఈ రూపాన్ని 1883లో స్కాట్లాండ్‌లోని మెల్‌రోజ్ అనే ఊళ్లో ఒక మాంసం దుకాణం పనివాడు ప్రతిపాదించాడు, వాళ్ల క్లబ్‌కు డబ్బు కూడబెట్టడానికి. అదే 2016లో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా ఆడేదీ అదే.

2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ వచ్చింది. అది కూడా సెవెన్సే. నడిపింది జాతీయ సంఘం, దానితో పాటు మన తెలుగువారి సంస్థ అయిన జీఎంఆర్. ఆరు జట్లు ఆడాయి. వాటిలో బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్ ఉంది, హైదరాబాద్ హీరోస్ ఉంది. చెన్నై బుల్స్ ఫైనల్లో ఢిల్లీ రెడ్జ్‌ను ఓడించి గెలిచింది. విదేశీ ఆటగాళ్ల పక్కన మన పిల్లలు ఆడటం, టీవీలో రగ్బీ కనబడటం మంచిదే. కానీ అది రెండు వారాల పోటీ, ఆ ఏడు మ్యాచ్‌లన్నీ ముంబైలోనే జరిగాయి. బెంగళూరు పేరున్న జట్టు తన తొలి సీజన్‌లో బెంగళూరులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పేరులో లీగ్ ఉన్నా, ఇంతసేపు చెప్పుకున్న లీగ్ అది కాదు. ఊరివాళ్లు నడిచి వచ్చి గట్టున నిలబడి చూసే ఆట వేరు.

అలాంటి లీగ్ నడవడానికి అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది దూరం. జీతం లేని ఆటగాడు ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి, సోమవారం పనికి పోవాలి. ఇంగ్లాండ్‌లోనే 2022లో కింది డివిజన్లను మళ్లీ విడగొట్టి ప్రయాణాలు తగ్గించారు. మన దక్షిణాదిలో బెంగళూరు నుంచి చెన్నైకి సుమారు 350 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. హైదరాబాద్ 570 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, అది వారం వారం కుదరదు. కాబట్టి ఊళ్లో జట్ల మధ్య తరచుగా, పొరుగు నగరంతో నెలకో రెండు నెలలకో ఒకసారి ఆడేలా పట్టిక వేసుకోవడమే తెలివి. బెంగళూరుకు సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, అనంతపురంలో, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఫుట్‌బాల్‌లో ఈ పనే చేసి చూపించింది. అనంతపురం ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడేది పల్లెల పిల్లలు, ఆడపిల్లలూ మగపిల్లలూ. కరువు సీమలో పిల్లల లీగ్ నడవగలిగినప్పుడు, బెంగళూరులో రగ్బీకి అసాధ్యం అనడానికి లేదు.

పట్టికలో పాయింట్లు వేసే పద్ధతి కూడా రగ్బీలో ప్రత్యేకం. చాలా లీగ్‌లలో గెలిస్తే 4 పాయింట్లు, సమానమైతే 2. నాలుగు ట్రైలు చేస్తే అదనంగా 1. ఓడినా 7 లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. అంటే చివరి నిమిషంలో, గెలుపు చెయ్యి దాటిపోయాక కూడా, ఓడుతున్న జట్టు పరిగెత్తడానికి ఒక కారణం మిగులుతుంది. బలహీనమైన క్లబ్బులను ఆటలో నిలబెట్టే ఏర్పాటు ఇది.

దెబ్బల సంగతి దాచకూడదు. రగ్బీలో ఎక్కువగా భయపడవలసింది తలదెబ్బకు. పెద్ద పోటీల్లో డాక్టర్లు ఆటగాణ్ని పక్కకు తీసుకెళ్లి పరీక్షిస్తారు. అమెచ్యూర్ ఆటలో ఆ వెసులుబాటు లేదు. అందుకే నియమం చాలా సూటిగా ఉంది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆటగాడు బయటికి రావాలి, ఆ రోజు మళ్లీ దిగకూడదు. బాగానే ఉన్నాను అని అతనే చెప్పినా దిగకూడదు. ఈ మధ్య చాలా దేశాల్లో అమెచ్యూర్ ఆటలో ట్యాకిల్ ఎత్తును భుజాల నుంచి రొమ్ముటెముక కిందికి తగ్గించి చూస్తున్నారు. ఇంట్లో అమ్మానాన్నలు పిల్లల్ని పంపాలంటే క్లబ్ ఈ తలదెబ్బ నియమాన్ని కచ్చితంగా పాటించాలి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

మ్యాచ్ నడిపేది రిఫరీ. రగ్బీలో రిఫరీని సర్ అని పిలవడం ఆనవాయితీ, ఆయనతో మాట్లాడేది సాధారణంగా కెప్టెన్ ఒక్కడే. ఆట అయ్యాక గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు రెండు వరసల్లో నిలబడి ఒకరికొకరు చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఊరి జట్టు వచ్చిన జట్టుకు భోజనం పెడుతుంది. 80 నిమిషాలు నేలకు పడేసుకున్నవాళ్లు పక్కపక్కన కూర్చుని తింటారు.

ఆడపిల్లల రగ్బీ కూడా మన దేశంలో వేగంగా పెరిగింది. 2018లో భారత మహిళలు 15 మంది ఆటలో తొలిసారి అంతర్జాతీయ మ్యాచ్ ఆడారు. ఏడాది తిరిగేసరికి, 2019 జూన్‌లో, సింగపూర్‌ను 21-19 స్కోరుతో ఓడించి తొలి గెలుపు అందుకున్నారు. బీహార్‌కు చెందిన స్వీటీ కుమారి మొదట పరుగుపందాల అమ్మాయి, తర్వాత రగ్బీకి వచ్చి భారత జట్టులో నిలిచింది. ఇక మగపిల్లల సంగతికి వస్తే, భువనేశ్వర్‌లో గిరిజన పిల్లలు చదువుకునే కిస్ అనే విద్యాసంస్థ అబ్బాయిలు 2007లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ పాఠశాలల టోర్నమెంట్ గెలిచారు. వాళ్లలో ఎవరూ డబ్బున్న ఇంటి పిల్లలు కారు. కోల్‌కతాలో 2004లో మొదలైన జంగిల్ క్రోస్ క్లబ్, అక్కడి మైదాన్ అనే పెద్ద మైదానంలో తిరిగే పిల్లలకు బంతి ఇచ్చి ఆట నేర్పింది.

బెంగళూరులోనూ దారి అదే. చిన్నపిల్లలకు ట్యాగ్ రగ్బీతో మొదలుపెడతారు. నడుముకు పట్టీ, దానికి రెండు రిబ్బన్లు. రిబ్బన్ లాగితే ట్యాకిల్ అయినట్టే, ఎవరూ కింద పడరు, బడి ఆవరణ చాలు. కాస్త పెద్దయ్యాక పట్టుకోవడం, పడటం నేర్పుతారు. అక్కడి నుంచి సెవెన్స్, ఆపైన 15 మంది ఆట. రాష్ట్ర సంఘం ఎంపికల్లో నెగ్గినవాళ్లు కర్ణాటక తరఫున జాతీయ పోటీలకు వెళతారు. అక్కడ కనబడినవాళ్లకు భారత జట్టు శిబిరం నుంచి పిలుపు వస్తుంది. మిగిలినవాళ్లు సోమవారం ఆఫీసుకు పోయి, మంగళవారం సాయంత్రం ప్రాక్టీసుకు వస్తారు.